చదివి వినిపిస్తేనే సంతకం

ప్రశ్న: అక్కా, మాది ఒడిశాలోని గజపతి జిల్లా కాశీనగర్ బ్లాకులో వంశధార ఒడ్డున ఉన్న ఊరు. నా పుట్టిల్లు శ్రీకాకుళం జిల్లా హిరమండలం దగ్గర. పెళ్లై తొమ్మిదేళ్లయింది. ఇంట్లోనూ వీధిలోనూ తెలుగే మాట్లాడతాం. ఒడియా వింటే అర్థమవుతుంది, తడబడుతూ మాట్లాడతాను, చదవడం మాత్రం రాదు. పొదుపు సంఘంలో చురుగ్గా ఉంటానని మా ఊరి మంచినీళ్ల కమిటీలో నా పేరు రాశారు. అధ్యక్షులు మా పెదమామగారే. మీటింగులు రాత్రి ఎనిమిది గంటలకు రామమందిరం అరుగు మీద జరుగుతాయి. ఆడవాళ్లను పిలవరు. మర్నాడు పొద్దున్నే ఒక కుర్రవాడు రిజిస్టరు తెస్తాడు. అతను వేలు పెట్టి చూపించిన చోట సంతకం పెడతాను. కుళాయిలు వేసి రెండేళ్లయింది. ట్యాంకు దగ్గరి వీధికి నీళ్లు ధారగా వస్తాయి. చివరి వీధికి సన్నగా వస్తాయి, కొన్ని రోజులు అసలు రావు. అక్కడి ఆడవాళ్లు బోరింగు దగ్గర ‘కమిటీలో ఉన్నావు కదమ్మా’ అని నన్నే నిలదీస్తున్నారు. మా ఆయన ‘నీకెందుకీ గొడవ, సంతకం పెట్టి నీ పని చూసుకో’ అంటారు. పైగా వచ్చే పంచాయతీ ఎన్నికల్లో మా వార్డు ఆడవాళ్లకు వస్తే నన్ను నిలబెడతారట, పని ఆయన చూసుకుంటారట. నేను కమిటీ నుంచి తప్పుకోవాలా? ఉంటే ఏమి చేయాలి? సభలో తెలుగులో మాట్లాడితే నవ్వుతారని భయం.
— పేరు వద్దు, కాశీనగర్ బ్లాకు

సమాధానం:

తప్పుకోవద్దమ్మా. ముందు ఈ మాట చెప్పేస్తే మిగిలింది తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.

మీరు చురుగ్గా ఉంటారని కమిటీలో పేరు రాశారన్నారు. అయ్యుండవచ్చు. అసలు సంగతి ఇంకొకటి ఉంది. ఇంటింటికీ కుళాయి ఇస్తామని 2019 ఆగస్టు 15న జల్ జీవన్ మిషన్ మొదలైంది. దాని నియమాల ప్రకారం ఊరి నీళ్ల కమిటీలో పది నుంచి పదిహేను మంది ఉండాలి, వారిలో సగం మంది ఆడవాళ్లు కావాలి. అంటే మీ పేరు, మీలాంటి మరికొందరి పేర్లు లేకపోతే ఆ కమిటీ కాగితం మీద నిలబడదు. ఇది విని చిన్నబుచ్చుకోకండి. మిమ్మల్ని అలంకారానికే పెట్టుకున్నా, ఆ అలంకారం లేకుండా వాళ్లకు పని జరగదు. లేకపోతే రాత్రి అరుగు మీద మీరు అక్కరలేని వాళ్లకు, తెల్లారేసరికి మీ గుమ్మం దగ్గర మీ సంతకంతో ఏమి పని? ఆ కుర్రవాడు ఊరికే పొద్దున్నే పరుగెత్తుకు రావడం లేదు.

కాబట్టి సభలో ఉపన్యాసం సంగతి తర్వాత. మీ గుమ్మం దగ్గరే మొదలుపెట్టండి.

ఈసారి అతను వచ్చినప్పుడు నిలబడి సంతకం చేయకండి. రిజిస్టరు అందుకుని అరుగు మీద కూర్చోండి, అతన్నీ కూర్చోమనండి. ‘నాయనా, నిన్న ఏమి అనుకున్నారో ఒకసారి చదివి వినిపించు’ అనండి. చదివితే మంచిదే, వినండి, అర్థం కాని మాట దగ్గర ఆపి అడగండి. తొందరగా ఉందంటే ‘అయితే ఉంచి వెళ్లు, సాయంత్రం పెదమామగారిని అడిగి పెడతాను’ అని చెప్పండి. ఇందులో ఎదిరించడం లేదు, ఒక్క పరుషమైన మాటా లేదు. చివరి పంక్తికీ సంతకాలకూ మధ్య ఖాళీ వదిలారేమో చూడండి. ఆ ఖాళీ ఉంటే మీరు సంతకం చేశాక అందులో ఏదైనా వచ్చి చేరవచ్చు. అందుకని కలంతో అడ్డంగా ఒక గీత కొట్టి, దాని కింద సంతకం పెట్టి, పక్కన తేదీ మీరే వేయండి. తెలుగులో సంతకం పెడితే చెల్లదని ఎవరైనా అంటే నమ్మకండి. చదవకుండానే పెట్టమని ఒత్తిడి చేస్తే సంతకం పైన ‘చదివి వినిపించలేదు’ అని తెలుగులోనే రాయండి. ఆ రెండు మాటలున్న పేజీని ఎవరూ పై అధికారికి చూపించాలని అనుకోరు. మరుసటిసారి చదివే వినిపిస్తారు.

ఇక ఒడియా. దీని గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే ఇక్కడ నేనే బోర్లా పడ్డాను.

నేను పెళ్లై బరంపురం వైపు వచ్చిన కొత్తలో మా పొదుపు సంఘం లెక్కలు ఒక పెద్దావిడ ఒడియాలో రాసేవారు. నాకు అక్షరాలు రావు గానీ అంకెలు పోల్చుకోగలనని గర్వం. ఒకరోజు పుస్తకం తిరగేస్తుంటే ఒకావిడకు ఇచ్చిన అప్పు 8,000 అని కనబడింది. తీసుకున్నావిడేమో నాకు ముట్టింది నాలుగు వేలే అంటుంది. ఇంకేముంది, పదిహేను మంది ముందు ఆ పెద్దావిడను కడిగేశాను. ఆవిడ ఏమీ అనలేదు. నా వేలు పట్టుకుని ఆ అంకె మీద పెట్టి, పైన మూసుకోని గీతను చూపించారు. ఒడియా నాలుగు మన కంటికి అచ్చం ఎనిమిదిలాగే కనిపిస్తుంది. పైన కాస్త తెరిచి ఉంటుంది, అంతే తేడా. ఆ రాత్రి అన్నం సహించలేదు. మర్నాడు ఆవిడ ఇంటికే వెళ్లి పలక పట్టుకుని కూర్చున్నాను.

మీకు అంత అవమానం అక్కరలేదు, అక్షరాలు ముందే నేర్చుకోండి. అనుకున్నంత కష్టం కాదు. అ ఆ ఇ ఈలు, క ఖ గ ఘలు మన వరుసే. మీ పిల్లలు బళ్లో ఒడియానే చదువుతూ ఉంటారు కదా, వాళ్ల ఒకటో తరగతి పుస్తకం చాలు. పిల్లలకు అమ్మకు పాఠం చెప్పడంకన్నా సరదా లేదు. రిజిస్టరు చదవడానికి మొత్తం భాష రానక్కరలేదు. అందులో తిరిగి తిరిగి వచ్చే మాటలు పదో పన్నెండో ఉంటాయి: ఉపస్థిత అంటే హాజరైనవారు, ప్రస్తావ అంటే ప్రతిపాదన, టంకా అంటే రూపాయలు, దస్తఖత అంటే సంతకం. వీటిలో ఒకటి మనల్ని తికమక పెడుతుంది. మనకు నిష్పత్తి అంటే లెక్కల పుస్తకంలో రెండుకు మూడు. ఒడియాలో నిష్పత్తి అంటే నిర్ణయం. ఆ మాట కనబడిన చోట ఆగండి, అసలు సంగతి దాని తర్వాతి పంక్తిలో ఉంటుంది. ‘సర్వసమ్మతి క్రమే’ అని ఉందా, అందరూ ఒప్పుకున్నారని అర్థం. ఆ అందరిలో మీరూ ఉన్నారు, నిద్రపోతూ ఒప్పుకున్నారు.

మీకు దగ్గరలోని పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తిగారు పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ సవర భాష నేర్చుకుని, దానికి వాచకాలు కూడా రాశారు. అంత పనిని మీ మీద పెట్టను గానీ, ఆ గాలి మీ వైపూ వీస్తుందని గుర్తు చేస్తున్నాను.

పెదమామగారి విషయం సున్నితం. ఆయన ఎదురుగా మీరు కుర్చీలో కూర్చోరేమో, గట్టిగా మాట్లాడరేమో. ఆ మర్యాదను ఈ గొడవలో పారేయమని నేను చెప్పను. మర్యాద వేరు, నోరు మూసుకోవడం వేరు. ఆయన్ను ఒక్కటే అడగండి: మీటింగు వేళ మార్చమని. రాత్రి ఎనిమిదంటే పిల్లల అన్నాలు, అత్తగారి మందులు, పశువుల కుడితి అన్నీ ఒకేసారి వచ్చే వేళ. ఆ వేళ పెట్టిన మీటింగుకు ఆడవాళ్లను పిలవలేదని వేరే చెప్పాలా? మధ్యాహ్నం మూడింటికి, బడి వరండాలో పెట్టమనండి. రామమందిరం అరుగు మీదికి మీరు ఎక్కవచ్చా, కూడదా అన్న చర్చ కూడా దాంతో తప్పుతుంది. ఇది మీ ఒక్కరి కోరికగా వెళితే ‘కోడలికి నోరు లేచింది’ అంటారు. పొదుపు సంఘం వారపు సమావేశంలో పెట్టి, అందరి సంతకాలతో, సంఘం కోరికగా పంపండి. ఒడిశాలో 2001 మార్చి 8న ఆడవాళ్ల పొదుపు సంఘాల కోసం మిషన్ శక్తి పథకం మొదలైనప్పటి నుంచి అధికారులూ నాయకులూ ఆడవాళ్ల సంఘాలను పట్టించుకోక తప్పడం లేదు. ఊరి పెద్దలకూ అది తెలుసు.

మీ పక్క జిల్లా గంజాంలో గ్రామ వికాస్ అనే సంస్థ 1992 నుంచి ఊళ్లలో నీళ్లు, మరుగుదొడ్ల పని చేస్తోంది. వాళ్ల పద్ధతి మొండిది. ఊళ్లో ఒక్క ఇల్లు మిగిలినా పని మొదలుపెట్టరు. ప్రతి ఇంటికీ మరుగుదొడ్డి, స్నానాలగది, వంటింట్లో కూడా కుళాయి. ఇంటికి సగటున వెయ్యి రూపాయల చొప్పున ఊరే మూలధనం వేసుకోవాలి, కమిటీలో ఆడా మగా సమానంగా ఉండాలి. ఒక్క ఇంటివాళ్లు మొండికేస్తే ఊరంతా నెలల తరబడి వాళ్లను బతిమాలుకోవలసిందే. నాకు నచ్చేది ఆ బతిమాలడమే. నీళ్లు ఒక వీధికి వచ్చి ఇంకో వీధికి రాకపోతే ఊరికి రానట్టే లెక్క అన్న పట్టుదల అందులో ఉంది.

దీంతో మీ చివరి వీధి దగ్గరికి వస్తాను. ఆ వీధి ఎవరిదో మీరు రాయలేదు. మన ఊళ్లలో చివరి వీధి ఎవరిదవుతుందో నేను ఊహించగలను. పైపు చివరికి వెళ్లేసరికి నీళ్ల వేగం తగ్గడం సహజమే. ఆ చివరన ఎప్పుడూ వాళ్లే ఉండడం మాత్రం నీళ్ల తప్పు కాదు. నిజం చెప్పండి, కమిటీలో ఆ వీధి ఆడమనిషి ఎవరైనా ఉన్నారా? బలహీన వర్గాలవారికి చోటు ఇవ్వాలని నియమంలోనే ఉంది. పేరు ఉంటే, ఆమె ఇంటికీ ఆ కుర్రవాడు రిజిస్టరు పట్టుకుని వెళుతూ ఉంటాడు. మీరు చేయవలసిన మొదటి చెలిమి ఆమెతో. బోరింగు దగ్గర మిమ్మల్ని నిలదీసినవాళ్లు మీ శత్రువులు కారు, ఊళ్లో మిమ్మల్ని నిజంగా కమిటీ మెంబరుగా చూస్తున్నది వాళ్లొక్కరే.

ఆమెతో కలిసి ఒక చిన్న పని చేయండి. నీళ్లు వదిలే వేళకు ముగ్గురు మూడు చోట్ల నిలబడండి: ట్యాంకు దగ్గరి కుళాయి, మధ్య వీధి కుళాయి, చిట్టచివరి కుళాయి. ఒకే కొలత బిందెలు, పదిహేను లీటర్లవి. ఫోనులో సెకన్లు చూసుకుని బిందె నిండడానికి ఎంత పట్టిందో రాసుకోండి. ఒక వారం ఇలా చేయండి. పైన నలభై సెకన్లు, చివర ఆరు నిమిషాలు పట్టిందనుకుందాం. గంటసేపు నీళ్లు వదిలితే పై కుళాయి దగ్గర తొంభై బిందెలు నిండుతాయి, చివరన పది. జల్ జీవన్ మిషన్ లెక్క ప్రకారం మనిషికి రోజుకు 55 లీటర్లు అందాలి. అయిదుగురున్న ఇంటికి 275 లీటర్లు, అంటే పద్దెనిమిది బిందెల పైచిలుకు. ఈ లెక్క ఒక కాగితం మీద ఉంటే మీ ఒడియా తడబడినా పరవాలేదు. అంకెలు మాత్రం మామూలువే వేయండి, నా కథ చదివారుగా.

కాగితం పట్టుకుని అడగవలసింది కూడా ఒక్కటే ఉండాలి. ‘మాకు న్యాయం చేయండి’ అంటే అందరూ తల ఊపి ఇళ్లకు వెళ్లిపోతారు. ‘మొదటి అరగంట పై వీధుల వాల్వు మూసి, చివరి వీధికి వదలండి’ అనండి. కుళాయిలకు మోటార్లు బిగించి లాగుతున్నవాళ్లు ఉంటే (ఉంటారు) ఆ అరగంటలో వాళ్ల ఆట సాగదు. వీధికొక వాల్వు లేకపోతే అదే అడగండి. మొత్తం పైపులు మార్చేకన్నా అది చౌక.

మీ ఆయన మీద కోపం తెచ్చుకోకండి. ఆయనకు నీళ్ల మీద పట్టింపు లేక కాదు, పెదమామగారి కుటుంబంతో పొలం గట్లో, కళ్లమో ఉమ్మడిగా ఉండి ఉంటాయి. ఆ లెక్కలో మాట పడేది ఆయనే. బిందెల కాగితం ముందు ఆయనకే చూపించండి. గొడవ చేసే భార్యకు భయపడే మగవాడు, లెక్క చూపించే భార్యను ఒక్కోసారి వెనకేసుకొస్తాడు. ఒక్కోసారి అన్నాను.

ఇప్పుడు సభ. ఒడిశాలో గ్రామ సభకన్నా ముందు, మీ ఊరి మట్టుకు జరిగే పల్లి సభ ఉంది. ఏటా ఫిబ్రవరిలో అది జరగాలి. మీ వార్డు మెంబరే అధ్యక్షత వహిస్తారు. వచ్చే ఏడాది ఊళ్లో ఏ పనులు చేయాలో పంచాయతీకి సిఫారసు చేసేది ఆ సభే. వాల్వుల కోరిక అక్కడ రాయించండి, రాసిందాన్ని చదివించుకోండి. మాట్లాడడానికి భయమైతే రాసి ఇవ్వండి, తెలుగులోనే రాసి ఇవ్వండి. కష్టం చెప్పుకునే అర్జీని దేశంలో గానీ ఆ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఏ అధికారికైనా ఇచ్చుకునే హక్కు రాజ్యాంగం 350వ అధికరణం ఇచ్చింది. తీసుకునే గుమాస్తా మొహం చిట్లిస్తే చిట్లించనివ్వండి. అయితే నా సలహా, తెలుగు కింద పిల్లల చేత ఒడియాలో కూడా రాయించండి. హక్కు మనదే, తొందర కూడా మనదే కదా. ఇంకా కదలకపోతే సోమవారాల్లో కలెక్టరు అర్జీలు వినే రోజు ఉంది. దానికి మాత్రం మొదటి వారమే పరుగెత్తకండి. పెదమామగారికి తెలియకుండా కలెక్టరు దగ్గరికి వెళితే వాల్వు వస్తుంది గానీ, ఇంట్లో ఆరు నెలలు అన్నం అరగదు.

నవ్వుతారని భయమన్నారు. నవ్వుతారు. రెండోసారి తక్కువ నవ్వుతారు.

ఎన్నికల మాట. బిజూ పట్నాయక్ ముఖ్యమంత్రిగా ఉన్న హయాంలోనే, కేంద్రం రాజ్యాంగం మార్చకముందే, ఒడిశా పంచాయతీల్లో మూడో వంతు ఆడవాళ్లకు ఇచ్చింది. 2012 ఎన్నికల నుంచి అది సగం అయింది. సర్పంచ్ ఆడమనిషి కాకపోతే నాయబ్ సర్పంచ్, అంటే ఉప సర్పంచ్ పదవి ఆడవాళ్లకే. ఇన్ని కుర్చీలు వచ్చాయి, వాటిలో కూర్చునే మొగుళ్లూ వచ్చారు. ‘సర్పంచ్ పతి’ అని పేరే పుట్టింది. కిందటి ఎన్నికలు 2022 ఫిబ్రవరిలో జరిగాయి, అయిదేళ్ల లెక్కన మళ్లీ 2027లో రావాలి. మిమ్మల్ని నిలబెడతామంటే కాదనకండి. ‘నిలబడతాను, పుస్తకాలు నా దగ్గరే ఉంటాయి, సభలో నేనే కూర్చుంటాను’ అని ముందే చెప్పండి. అందుకు ఒప్పుకోకపోతే ఆ పోటీ మీది కాదు. మరొకటి, సర్పంచ్ కావాలంటే ఒడియా చదవడం, రాయడం రావాలని 1964 నాటి గ్రామ పంచాయతీల చట్టంలోనే ఉంది. ఇప్పుడు వార్డే కావచ్చు, పిల్లవాడి ఒకటో తరగతి పుస్తకం ఆ మెట్టుకు కూడా పనికొస్తుంది.

ఆడవాళ్లు కుర్చీలో ఉంటే ఏమి మారుతుందని మీ ఆయన అడగవచ్చు. తర్వాత ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న ఎస్తేర్ డఫ్లో, రాఘవేంద్ర చటోపాధ్యాయ కలిసి బెంగాల్, రాజస్థాన్ పంచాయతీలు పరిశీలించి 2004లో ఒక అధ్యయనం ప్రచురించారు. పదవి ఆడవాళ్లకు రిజర్వు అయిన చోట మంచినీళ్ల పనులు ఎక్కువ జరిగాయని తేలింది. బిందె మోసేవాళ్లకే బిందె గుర్తుంటుంది, ఇందులో వింతేమీ లేదు.

చివరగా ఇంకొక పని, అడగకపోయినా చెబుతున్నాను. ప్రతి ఊళ్లో అయిదుగురు ఆడవాళ్లకు నీళ్లు పరీక్షించడం నేర్పించి కిట్టు ఇవ్వాలని జల్ జీవన్ మిషన్ పద్ధతి. మీ ఊరి కిట్టు ఎక్కడుందో వాకబు చేయండి. పెదమామగారి అటక మీద అట్టపెట్టెలో ఉన్నా ఆశ్చర్యపోను. అందులో చిన్న చిన్న సీసాలు ఉంటాయి. చివరి కుళాయి నీళ్లు గుర్తు వరకు నింపి, మూత బిగించి, ఒకటి రెండు రోజులు వదిలేయాలి. నీళ్లు నల్లబడితే వాటిలో మురుగు క్రిములు ఉన్నట్టు. పైపులో నీటి ఒత్తిడి లేని చోట, మోటార్లు లాగే చోట, పగుళ్లలోంచి బయటి మురుగు లోపలికి పీల్చుకునే ప్రమాదం ఎక్కువ. అలా నల్లబడితే ఆ వీధివాళ్లను ముందు నీళ్లు కాచుకుని తాగమనండి, ఆ సీసాను పల్లి సభకు తీసుకువెళ్లి బల్ల మీద పెట్టండి. బిందెల లెక్క తేలాక, ఆ సీసా ఏ రంగుకు తిరిగిందో చూశాక నాకు మళ్లీ రాయండి.